పటం మన చేతిలో ఉండాలి

మొన్న శ్రావణంలో నాన్నని వెంటబెట్టుకుని హైదరాబాదు నుంచి మా ఊరికి బయలుదేరాను. మా ఊరు మార్కాపురానికి దగ్గర. ఎప్పుడూ సాగర్, మాచర్ల, యర్రగొండపాలెం మీదుగా పోయేవాళ్ళం. ఈసారి శ్రీశైలంలో మల్లన్నని చూసుకుని దోర్నాల వైపు ఘాటు దిగుదామని నాన్న అన్నారు. కల్వకుర్తి, డిండి దాటి, మన్ననూరు చెక్‌పోస్టు దగ్గర టీ తాగి అడవిలోకి ప్రవేశించాం. వటవర్లపల్లి దగ్గర పెద్ద రోడ్డు వదిలి మల్లెలతీర్థం వైపు మళ్ళాం. మెట్లన్నీ దిగి జలపాతం చూసి, ఆగి ఆగి పైకెక్కి కారు దగ్గరకు వచ్చేసరికి మబ్బు కమ్ముకుంది. ఫోన్‌లో సిగ్నల్ లేదు. నేను రోజూ వాడే పటం యాప్ ఎప్పుడో మూసుకుపోయినట్టుంది. మళ్ళీ తెరిస్తే తెరంతా బూడిద రంగు. రోడ్డు లేదు, ఊరు లేదు, కృష్ణానది లేదు. ఆ బూడిద మధ్యలో నీలం చుక్క ఒక్కటే వెలుగుతోంది.

దారేమీ తప్పలేదు. నాన్నకి ఆ అడవి చిన్నప్పటి నుంచీ తెలుసు. రాత్రి 9 గంటలకు అడవి గేట్లు మూసేస్తారు, మళ్ళీ తెరిచేది పొద్దున 6 గంటలకే. ఆలోపే శ్రీశైలం చేరాం. ఆ యాప్‌లో కూడా పటాన్ని ముందే దించుకునే వీలుంది, నేను దించుకోలేదు. ఆ మాట ముందే చెప్పాలి. కానీ ఆ నీలం చుక్క మాత్రం ఇంటికొచ్చినా నన్ను వదల్లేదు. టవరు లేదు, నెట్టు లేదు, అయినా మేమెక్కడ నిలబడ్డామో ఫోన్‌కి కచ్చితంగా తెలుసు. తెలియనిదల్లా మా చుట్టూ ఏముందో. చుక్క ఉంది, పటం లేదు. ఈ రెండూ వేరువేరు వస్తువులని, రెండూ వేరువేరు చోట్ల నుంచి వస్తాయని, వాటి యజమానులు కూడా వేరని అప్పుడు గట్టిగా తట్టింది.

చుట్టుపక్కల అడిగి చూశాను. చదువుకున్నవాళ్ళు, రోజూ బండి మీద తిరిగేవాళ్ళు కూడా "నెట్ లేకపోతే జీపీఎస్ పనిచేయదు కదా" అనే అన్నారు. ఒకరిద్దరు ఇంకో అడుగు ముందుకేసి, మన ఫోన్ ఉపగ్రహానికి కబురు పంపితే అది "నువ్వు ఫలానా చోట ఉన్నావు" అని తిరిగి చెబుతుందనుకుంటున్నారు. జరిగేది అది కాదు. ఫోన్ ఏమీ పంపదు, వింటుందంతే. రేడియో వినేవాడు ఆకాశవాణికి ఏమీ పంపనట్టే.

ఎలా వింటుందో చెప్పడానికి మన పల్లెల్లో అందరికీ తెలిసిన లెక్కే చాలు. మెరుపు మెరిశాక ఉరుము వినబడేదాకా ఒకటి, రెండు, మూడు అని లెక్కపెడతాం. మూడు సెకన్లకు ఒక కిలోమీటరు చొప్పున పిడుగు ఎంత దూరంలో పడిందో తెలిసిపోతుంది. జీపీఎస్ ఉపగ్రహాలు సుమారు 20,200 కిలోమీటర్ల ఎత్తున తిరుగుతూ "ఇప్పుడు సమయం ఇంత, నేనున్నది ఇక్కడ" అని ఎడతెరిపి లేకుండా చెబుతూనే ఉంటాయి. నడినెత్తిన ఉన్న ఉపగ్రహం మాట మన ఫోన్‌కి చేరడానికి సెకనులో వందోవంతుల్లో ఏడు పడుతుంది. ఆ ఆలస్యాన్ని కాంతి వేగంతో గుణిస్తే దూరం వస్తుంది. మూడు ఉపగ్రహాల దూరాలు తెలిస్తే మనమున్న చోటు తేలాలి. కానీ ఉపగ్రహంలో ఉన్నది అణు గడియారం, మన ఫోన్‌లో ఉన్నది చవక గడియారం. సెకనులో పదిలక్షలో వంతు తేడా వచ్చినా లెక్క 300 మీటర్లు తప్పుతుంది. అందుకని నాలుగో ఉపగ్రహం కావాలి. దాని సాయంతో ఫోన్ తన గడియారాన్ని కూడా సరిచేసుకుంటుంది. పైన ఆకాశం విప్పారి ఉంటే మామూలు ఫోన్ కూడా ఐదు మీటర్ల తేడాలో మన చోటు చెబుతుంది. పెరట్లో ఉన్నామో, వీధిలో ఉన్నామో చెప్పగలదన్నమాట.

నెట్టు చేసే మేలు ఒకటుంది. ఏ ఉపగ్రహం ఎక్కడుందో చెప్పే వివరాలను ఉపగ్రహాలే పంపుతాయి గానీ, సెకనుకు 50 బిట్ల చొప్పున, నత్తనడకన. అవే వివరాలు నెట్టు ద్వారా అయితే క్షణంలో వస్తాయి. అందుకే నెట్టు లేని చోట మొదటిసారి చుక్క కుదురుకోవడానికి అర నిమిషమో, చెట్ల కింద అయితే ఇంకొంచెం ఎక్కువో పడుతుంది. చాలామంది ఆ కాసేపు ఓపిక పట్టరు, పనిచేయడం లేదని ఫోన్ జేబులో పెట్టేస్తారు.

ఇంత పెద్ద ఏర్పాటు మనకు ఉచితంగా ఎందుకు దొరుకుతోంది? దీని వెనక ఒక విషాదం ఉంది. 1983 సెప్టెంబరు 1న కొరియన్ ఎయిర్ లైన్స్ విమానం ఒకటి దారి తప్పి సోవియట్ గగనతలంలోకి వెళ్ళింది. సోవియట్ యుద్ధవిమానం దాన్ని కూల్చేస్తే అందులో ఉన్న 269 మందీ చనిపోయారు. అప్పటికి తమ సైన్యం కోసం తయారవుతున్న జీపీఎస్‌ని, పూర్తయ్యాక పౌరులకు కూడా అందిస్తామని అమెరికా అధ్యక్షుడు రీగన్ ప్రకటించాడు. అలా ఇచ్చినా చాలాకాలం పౌరులకు కావాలనే మసక సంకేతం ఇచ్చారు. వంద మీటర్ల దాకా తేడా ఉండేది. 2000 మే నెల మొదట్లో, క్లింటన్ హయాంలో, ఆ మసక తీసేశారు. ఈ రోజు ఆటోవాళ్ళు, డెలివరీ కుర్రాళ్ళు, అంబులెన్సులు అన్నీ ఆ ఒక్క నిర్ణయం మీద నడుస్తున్నాయి. వేరే దేశం ఒక మీట నొక్కితే తెరుచుకున్న తలుపు అది. మీట ఇప్పటికీ ఆ దేశం చేతిలోనే ఉంది.

మన దేశం సొంత ఏర్పాటు చేసుకోవాలనుకోవడంలో న్యాయం ఇదే. ఆ ప్రయత్నం మొదలైంది మన నేల మీద నుంచే. పులికాట్ సరస్సు పక్కన, సూళ్ళూరుపేట దాటితే వచ్చే శ్రీహరికోట నుంచి 2013 జూలై 1న మన మొదటి దారిచూపే ఉపగ్రహం వెళ్ళింది. 2016 ఏప్రిల్ నాటికి ఏడూ పైకి చేరాయి. నావిక్ అని పేరు పెట్టారు. అవి సుమారు 36,000 కిలోమీటర్ల ఎత్తున, ఎప్పుడూ మన దేశం వైపు చూస్తూ ఉంటాయి. పని సాఫీగా సాగలేదు. విదేశాల నుంచి తెచ్చిన అణు గడియారాలు కొన్ని ఉపగ్రహాల్లో చెడిపోయాయి. 2017లో పంపిన ఒక ఉపగ్రహం, చుట్టూ ఉన్న రక్షణ కవచం విడిపోక అందులోనే ఉండిపోయింది. 2023 మేలో పంపిన ఎన్‌వీఎస్-01 ఉపగ్రహంలో మనవాళ్ళే తయారు చేసిన రుబీడియం అణు గడియారం పెట్టారు. 2025 జనవరి 29న, శ్రీహరికోట నుంచి వందో ప్రయోగంగా వెళ్ళిన ఎన్‌వీఎస్-02, కవాటం (వాల్వు) తెరుచుకోక అనుకున్న కక్ష్యకు చేరలేకపోయింది. ఈ ఎదురుదెబ్బలు చదివినప్పుడల్లా నాకు బాధేస్తుంది. అయినా ఈ దారిలోనే నడవాలని నా నమ్మకం.

ఆ చుక్క సంగతి అలా ఉంచి పటం దగ్గరకు వస్తాను. అసలు గొడవ అక్కడే ఉంది.

చుక్కని ఆకాశం ఇస్తుంది. పటాన్ని మనుషులు గీయాలి. ఎవరో ఒకరు ఆ దారిలో నడిచి, ఇది రోడ్డు, ఇది వాగు, ఇది బడి, దీని పేరు ఇది అని రాయాలి. 2004లో లండన్‌లో స్టీవ్ కోస్ట్ అనే విద్యార్థి ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్ మొదలుపెట్టింది ఈ ఆలోచనతోనే. ప్రభుత్వం సర్వే చేసిన పటాలకు జనం మళ్ళీ డబ్బు కట్టాల్సి రావడం అతనికి నచ్చలేదు. మొదటి రోజుల్లో ఔత్సాహికులు సైకిళ్ళ మీద జీపీఎస్ పెట్టుకుని వీధివీధీ తిరిగి గీశారు. ఇప్పుడు కోటికి పైగా ఖాతాలున్నాయి. ఎవరైనా దిద్దవచ్చు, ఎవరైనా దించుకోవచ్చు, పాటించాల్సిన షరతల్లా "ఇది ఎవరు చేసిన పటమో చెప్పండి, మీరు మెరుగుపరిచి పంచుకుంటే అదీ అందరికీ తెరిచే ఉంచండి" అని. ఆ పటాన్నే ఫోన్‌లో నింపుకుని దారి చూపే యాప్‌లు కొన్ని ఉన్నాయి. ఓస్మాండ్ 2010 నుంచీ ఉంది, ఆర్గానిక్ మ్యాప్స్ 2021లో వచ్చింది. ఇలాంటివే ఇంకా ఉన్నాయి. శ్రీశైలం నుంచి తిరిగొచ్చిన వారంలో వాటిలో ఒకటి పెట్టుకున్నాను.

తెలంగాణ, ఆంధ్ర పటాలు రెండూ ఇంట్లో వైఫైలో కాసేపట్లోనే దిగాయి. రాత్రి డాబా ఎక్కి, ఫోన్‌లో విమానం గుర్తు నొక్కి, ఉపగ్రహాల జాబితా చూపించే చిన్న యాప్ తెరిచాను. ఒక్కొక్కటే వచ్చి చేరుతున్నాయి. అమెరికా జీపీఎస్, రష్యా గ్లోనాస్, యూరప్ గెలీలియో, చైనా బైడూ. వాటి మధ్య మన జెండా గుర్తుతో నావిక్ కూడా కనిపించింది. శ్రీహరికోట నుంచి ఎగిరిన వస్తువు మాట మా డాబా మీద నా చేతిలోకి వస్తోందని చూసి కిందికి పరిగెత్తి నాన్నని పైకి పిలుచుకొచ్చాను. ఆయన కళ్ళద్దాలు సర్దుకుని చాలాసేపు చూశారు.

ఆ తర్వాత మూడు నెలలు ఆ యాప్‌తోనే తిరిగాను. నడకకు, సైకిలుకు దానికి సాటి లేదు. పార్కుల్లో కాలిబాటలు, రైలు పట్టాల కింద నుంచి పోయే సందులు, గుట్టల ఎత్తుపల్లాలు గీతలతో సహా ఉన్నాయి. డేటా ఖర్చు లేదు, ప్రకటనలు లేవు. లోపాలూ దాచను. ట్రాఫిక్ ఎక్కడ ఆగిందో దానికి తెలియదు. సాయంత్రం ఆరింటికి హైటెక్ సిటీ వైపు పోవాలంటే నేటికీ పాత యాపే తెరుస్తాను. ఇంటి నంబర్లు చాలావరకు లేవు. మొన్న తెరిచిన టిఫిన్ సెంటరు అందులో ఉండదు. పేరు తెలుగులో కొడితే కొన్ని ఊళ్ళు దొరుకుతాయి, కొన్ని దొరకవు. డ్రైవింగే బతుకుతెరువైనవాళ్ళని ఈ రోజే పాత యాప్ మానేయమని నేను చెప్పను.

మరి ఎందుకు ఇంతగా పట్టుబట్టి చెబుతున్నానంటే, ఉచితం అనే మాటలో రెండు రకాలున్నాయి. పెళ్ళి భోజనం ఉచితం, ఊరి చెరువు నీళ్ళూ ఉచితం. భోజనం పెట్టినవాళ్ళు పెట్టినంత తింటాం, రేపు పెట్టకపోతే అడగలేం. చెరువులో పూడిక తీసేది మనమే, తూము తెరిచేది మనమే, వాడుకునేదీ మనమే. పెద్ద సంస్థల పటాలు మొదటి రకం. వాటి నిర్వహణకు కోట్లు ఖర్చవుతాయి కాబట్టి ఆ డబ్బు ప్రకటనల నుంచి, మన కదలికల వివరాల నుంచి రాబట్టుకుంటారు. మనం ఏ ఆసుపత్రికి వెళ్ళాం, ఏ గుడికి వెళ్ళాం, రాత్రి ఎక్కడ పడుకున్నాం అన్నది మన జేబులోంచే నమోదవుతుంది. పటం ఫోన్‌లోనే ఉండి, దారి లెక్క కూడా ఫోన్‌లోనే జరిగితే ఆ సంగతి బయటికి పోవాల్సిన అవసరమే రాదు. ఇదొక్కటే చాలు నాకు. కానీ దీనికంటే పెద్ద కారణం ఇంకోటి ఉంది.

మా తాత కాలంలో ఊరి నక్ష కరణం ఇంట్లో ఉండేది. ఏ గట్టు ఎవరిది, ఏ డొంక ఎంత వెడల్పు, ఏ వాగు పోరంబోకు అన్నది తెలియాలంటే ఆయన గుమ్మం ముందు నిలబడాలి. డొంక కాస్త కాస్త కలుపుకుంటూ పొలం పెంచుకున్నవాళ్ళున్నారు. ఆ దారిన నడిచేవాళ్ళకు అడగడానికి చేతిలో కాగితం లేదు. 1984లో ఎన్టీఆర్ ప్రభుత్వం కరణం, మునసబు పదవులు రద్దు చేసింది. పదవి పోయినా పటం అందరి చేతికీ రాలేదు, ఆఫీసు బీరువాలోకి మారింది. దేశంలో సర్వే ఆఫ్ ఇండియా 1767 నుంచీ ఉన్నా, వివరమైన పటాలు గీయడానికి, పంచుకోవడానికి అనుమతులూ ఆంక్షలూ చాలా ఉండేవి. 2021 ఫిబ్రవరిలో కేంద్రం వాటిని చాలావరకు ఎత్తేసింది. ఇంతకాలానికి పటం గీసే హక్కు మామూలు మనిషికి వస్తే, దాన్ని తీసుకెళ్ళి ఇంకో పెద్ద ఇంటి గుమ్మంలో పెట్టి రావడం నాకు తప్పుగా తోస్తుంది.

దసరాకి ఊరెళ్ళినప్పుడు యాప్‌లో మా ఊరు చూశాను. ఒక చుక్క, పక్కన ఇంగ్లీషు అక్షరాల్లో తప్పు పేరు. తారు రోడ్డు ఊరి మొదటి ఇంటి దగ్గర ఆగిపోయింది. చెరువు ఉంది గానీ కట్ట లేదు. బడి లేదు, ఆంజనేయస్వామి గుడి లేదు, మా పొలానికి పోయే డొంక లేదు. 36,000 కిలోమీటర్ల ఎత్తుకు వస్తువుని పంపిన రాష్ట్రంలో, ఆ వస్తువు నా కాళ్ళ కింది చోటు చెబుతుంటే, కాళ్ళ కింద ఉన్న డొంకని ఇంతవరకూ ఎవరూ రాయలేదు. దీనికి తప్పుపట్టాలంటే ఎవరినీ పట్టలేం. రాయాల్సింది మేమే, రాయలేదు.

మర్నాటి నుంచి మొదలుపెట్టాను. ఫోన్ జేబులో పెట్టుకుని నడిస్తే నడిచిన దారి గీతగా పడుతుంది. ఇంటికొచ్చి కంప్యూటర్‌లో, వాడుకోవడానికి అనుమతి ఉన్న ఉపగ్రహ చిత్రం మీద ఆ గీతని సరిచూసుకుని రోడ్డుగా గీయాలి. వేరే సంస్థల పటాల్లోంచి ఎత్తిరాయకూడదు, ఆ నియమం గట్టిది. కళ్ళతో చూసింది, నోటితో అడిగింది మాత్రమే రాయాలి. నాలుగు రోజుల్లో ఊరి వీధులు, చెరువు కట్ట, తూము, బడి, నీళ్ళ ట్యాంకు, గుడి, శ్మశానానికి పోయే బాట అయ్యాయి. ఐదో రోజు పడమటి డొంకలో పోతుంటే గొర్రెలు కాసుకునే పెద్దాయన ఆపాడు.

"యాడికి పోవాల నాయనా?"

"పెద్ద రోడ్డుకి పోదామని, తాతా. ఈ డొంక కలుస్తుంది కదా?"

"కలుస్తాదిలే. మొన్న వానకి చప్టా మీద ఇంకా నీళ్ళు పారతా ఉండాయి. బండి కొట్టకపాద్ది. చెరువు కట్ట మీద పోబ్బా."

ఉపగ్రహ చిత్రంలో ఆ చప్టా వేసవిలో తీసినట్టుంది. ఎండిన తెల్లటి ఇసుక మీద చక్కగా రోడ్డు కనిపిస్తుంది. దూరంగా కూర్చుని గీసేవాడు దాన్ని ఏడాదంతా నడిచే దారిగా గీస్తాడు. పటంలో రోడ్డు ఉంది కదా అని రాత్రిపూట వానలో బండి పోనిచ్చేవాడికి అది ప్రాణాల మీదికి వస్తుంది. చప్టాల మీద నీటి ఉద్ధృతికి బండ్లు కొట్టుకుపోయిన వార్త లేని వర్షాకాలం మన రెండు రాష్ట్రాల్లో నాకు గుర్తులేదు. ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్‌లో ఇలాంటి చోటికి గుర్తు ఉంది. రోడ్డు మీదుగా నీరు పారే చోటు అని రాయొచ్చు, ఏ కాలంలో పారుతుందో కూడా రాయొచ్చు. నేను రాశాను. ఆ గుర్తుకి ఆధారం ఉపగ్రహం కాదు, గొర్రెల తాత.

ఆ తర్వాత పేర్ల దగ్గర ఆగిపోయాను. ఎక్కువసేపు పట్టింది ఇక్కడే. మా ఊరికి పడమట ఒక పేట ఉంది. ఊళ్ళో వాళ్ళు దాన్ని కులం పేరుతో పిలుస్తారు. నేనూ చిన్నప్పుడు అలాగే పిలిచాను. పటంలో ఏం రాయాలి? అందరూ పిలిచే పేరే రాయాలి అన్నాడు మా బాబాయి. ఆ అందరిలో పేటవాళ్ళు ఉన్నారా అని అక్కడికే వెళ్ళి అడిగాను. పేట మొదట్లో అరుగు మీద కూర్చున్న నలుగురూ ఒక్క మాటే చెప్పారు, అంబేడ్కర్ కాలనీ అని. వాళ్ళ రేషన్ కార్డుల్లో ఉన్నదీ అదే. ఒకావిడ "బయటోళ్ళు ఏమన్నా పిలుచుకోనీ అమ్మా, రాసేటప్పుడు మాత్రం మా పేరు రాయి" అంది. రాశాను. దూరంగా ఎక్కడో కార్యాలయంలో కూర్చున్న సంస్థ ఈ పేరు ఎవరిని అడిగి పెడుతుంది? ఎక్కువమంది వెతికిన మాట ఏదైతే అదే నిలబడుతుంది. అందుకే పటం రాసే కలం ఊళ్ళో ఉండాలంటాను.

తెలుగు లిపి సంగతీ ఇలాంటిదే. ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్‌లో ప్రతి చోటికీ తెలుగు పేరు రాయడానికి వేరే గడి ఉంది. అది నిండితే తెలుగు పెట్టుకున్న ఫోన్‌లో తెలుగు పేరే కనిపిస్తుంది. నిండకపోతే ఇంగ్లీషు స్పెల్లింగే దిక్కు. శ్రీశైలం దారిలో ఈగలపెంట ఉంది. ఇంగ్లీషులో రాసింది 'ఈగల్' అని చదివి అది గద్ద పేరనుకునే పిల్లల్ని చూశాను. నల్లమలలో పెంట అంటే చెంచుల నివాసం. ఆ మాట పేరులో ఉన్నంతకాలం అక్కడ ముందు నుంచీ ఉన్నదెవరో ఊరి పేరే చెబుతుంది. లిపి మారి, పలుకు మారి, చివరికి ఆ మాటే గుర్తుపట్టరాకుండా పోతే ఆ సాక్ష్యమూ పోతుంది. డొంక, పుంత, చప్టా, కనుమ, కుంట, దొరువు, ఇవన్నీ దారికీ నీటికీ మనం పెట్టుకున్న పేర్లు. కనీసం ఊరి పటంలోనైనా ఇవి మన అక్షరాల్లో కనబడాలి.

అన్నీ రాసేయాలని కూడా నేననను. అడవిలో పాత గుడులు, సమాధులు కొన్ని నాన్నకి తెలుసు. నల్లమలలో గుప్తనిధుల కోసం విగ్రహాల కింద తవ్వేవాళ్ళున్నారు. ఆ చోట్లు నేను రాయలేదు, రాయను. చెంచు పెంటలకు పోయే అడవి బాటలు కూడా అక్కడివాళ్ళు వద్దంటే వదిలేయాలి. ఏది చూపాలో, ఏది దాచాలో ఆ నేల మీద బతికేవాళ్ళు చెప్పాలి. అలాగే అటవీశాఖ మూసేసిన బాటని యాప్ దారిగా చూపించవచ్చు. అక్కడ చెక్‌పోస్టు మనిషి మాటే వినాలి.

"ఇదంతా ఎవరు చూస్తారు, జనమంతా వాడేది ఆ పెద్ద యాపే కదా" అని మా తమ్ముడు అడిగాడు. న్యాయమైన ప్రశ్నే. 2010 జనవరి 12న హైతీలో భూకంపం వచ్చినప్పుడు ఆ దేశ రాజధానికి సరైన వీధుల పటమే లేదు. ప్రపంచం నలుమూలల నుంచి ఔత్సాహికులు ఉపగ్రహ చిత్రాలు చూసి కొద్ది రోజుల్లో వీధులన్నీ గీస్తే, సహాయానికి వెళ్ళిన బృందాలు ఆ పటాన్నే చేతి జీపీఎస్‌లలో నింపుకుని తిరిగాయి. 2015లో చెన్నై మునిగినప్పుడు ఏ వీధిలో నీళ్ళు నిలిచాయో జనమే ఈ పటం మీద గుర్తించారు. ఆపద వచ్చినప్పుడు ఎవరి అనుమతీ అడగకుండా ఎత్తుకుని వాడుకోగల పటం ఇదొక్కటే. ఆపద వచ్చాక గీద్దాంలే అంటే పేర్లు తెలిసిన మనిషి అప్పుడు దొరకకపోవచ్చు. గొర్రెల తాతకి ఎనభై దాటాయి.

పని కూడా జనం అనుకునేంత కష్టం కాదు. స్ట్రీట్‌కంప్లీట్ అని ఒక యాప్ ఉంది. నడుస్తుంటే చిన్న ప్రశ్నలు అడుగుతుంది. ఈ రోడ్డు తారుదా మట్టిదా, ఈ వీధిలో దీపాలున్నాయా, ఈ వంతెన కింద ఎత్తెంత అని. మా చెల్లెలి కూతురు, ఇంటర్ చదువుతోంది, రెండు సాయంత్రాల్లో మార్కాపురంలో తన కాలేజీ చుట్టూ వీధులన్నిటికీ జవాబులిచ్చేసింది. మా ప్రాంతం పలకలకు పేరుపడ్డ ప్రాంతం. దేశమంతా పిల్లలు అక్షరాలు దిద్దుకున్న పలకలు మా గనుల్లోంచి వెళ్ళాయి. తప్పు రాస్తే తుడిచి మళ్ళీ రాయడం మావాళ్ళకి ఒకరు నేర్పక్కర్లేదు.

కార్తీకంలో పటం కొత్త ప్రతి వచ్చింది. దించుకుని, మళ్ళీ శ్రీశైలం మీదుగానే బయలుదేరాను. దోర్నాల దాటాక విమానం గుర్తు నొక్కి మా ఊరి పేరు తెలుగులో కొట్టాను. దొరికింది. పెద్ద రోడ్డు దిగేచోట యాప్ నన్ను పడమటి డొంకలోకి తిప్పమంది. తెర మీద చప్టా దగ్గర నీటి గుర్తు చూసి, చెరువు కట్ట మీద వేలు పెట్టి దారి అటు మళ్ళించాను. కట్ట మీద పోతుంటే నాన్న ఫోన్ తీసుకుని ఊరంతా వేలితో జరుపుతూ చూశారు. చూసి, తూర్పున ఏమీ లేదేమన్నారు. నిజమే, తూర్పు డొంకలు మూడు, కొండ కింద కుంట, అటు పొలాల బాటలు ఇంకా రాయలేదు. సంక్రాంతికి నడవాలి. మోకాళ్ళ నొప్పి తగ్గితే తనూ వస్తానన్నారు. ఆ కుంట పేరు ఆయనకొక్కరికే తెలుసు.